మనిషి రేంజ్‌లో నార్మల్: 13 ఏళ్ళ పిల్లి, థైరాయిడ్, ఆగని వాంతులు

సిరిమానోత్సవం మర్నాడు విజయనగరం ఊరంతా బడలికగా ఉంటుంది. ఆ రోజు క్లినిక్ ఆలస్యంగా తెరుద్దామనుకున్నాను. వెళ్ళేసరికి గుమ్మం దగ్గర రిటైరైన టీచరుగారొకరు కూరగాయల బుట్టతో కూర్చుని ఉన్నారు. బుట్ట మీద ఇంకో బుట్ట బోర్లించి తాడుతో కట్టారు. లోపల బుల్లెమ్మ. నాటు పిల్లి, తెలుపు మీద నల్ల మచ్చలు, వయసు 13 ఏళ్ళు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసింది నేనే. రెండేళ్ళ కిందట రేబిస్ టీకాకి తెచ్చినప్పుడు నా కార్డులో రాసుకున్న బరువు 4.1 కిలోలు. ఆ రోజు తూకం 2.6.

"తింటోంది బాబూ. ఇంట్లో అందరికంటే అదే ఎక్కువ తింటోంది. ఒంటికే పట్టట్లేదు," అన్నారు టీచరుగారు.

ఆవిడ వెంట ఇంట్లో పనిచేసే ఆమె కూడా వచ్చింది. పిల్లి కేసుల్లో నేను ముందు అడిగేది దొడ్డి ఎవరు శుభ్రం చేస్తారని. ఇక్కడ ఆ పని ఆమెదే కాబట్టి అసలు సంగతులన్నీ ఆమె దగ్గరే ఉన్నాయి. "ఎంత ఎట్టినా సాలదు సారూ. తిన్న పావుగంటకి కక్కీసి, మల్లీ గిన్నె కాడికే ఎల్తాది. దొడ్డికి రోజుకి మూడు నాలుగుసార్లు. ఎల్లినప్పుడల్లా బోల్డంత, పల్చగా. కంపు నిలబడనివ్వదు." జిగురు పడుతుందా, ముక్కుతుందా, నెత్తురు కనిపించిందా అని అడిగాను. అవేమీ లేవంది. పెద్ద పేగు జబ్బయితే పిల్లి పదేపదే వెళ్ళి కొంచెం కొంచెమే విసర్జిస్తుంది, జిగురు ఉంటుంది, ముక్కుతుంది. వెళ్ళిన ప్రతిసారీ ఎక్కువగా, జిగురు లేకుండా వెళ్తూ, బరువు కూడా పడిపోతుంటే అది చిన్న పేగు వ్యవహారం. ఈ ఒక్క విషయం తెలిస్తే సగం దారి కలిసొస్తుంది.

ఇదంతా ఏడాదిగా సాగుతోంది. మధ్యలో వేరేచోట చూపించారు. నులిపురుగుల మందు రెండుసార్లు, మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ మూడు కోర్సులు వాడారు. కోర్సు నడుస్తున్న నాలుగైదు రోజులూ విరేచనం గట్టిపడేది, ఆపగానే మళ్ళీ మామూలే. ఆ మాత్ర ఎంత చేదో తెలియాలంటే ఒకసారి పిల్లి నోటి నురగ చూడాలి.

టీచరుగారు ఫైలు తీశారు. అందులో మనుషుల డయాగ్నస్టిక్ ల్యాబులో చేయించిన రిపోర్టు ఉంది. టీ4, అంటే థైరాయిడ్ గ్రంథి వదిలే హార్మోన్, విలువ డెసిలీటరుకి 8.2 మైక్రోగ్రాములు. పక్కన ల్యాబు వాళ్ళు అచ్చువేసిన రేంజ్ 5.1 నుంచి 14.1. ఎర్ర గుర్తు లేదు, నక్షత్రం లేదు. "థైరాయిడ్ నార్మలే అన్నారండి," అన్నారు.

మనిషికి నార్మలే. పిల్లికి కాదు. ల్యాబును బట్టి కొద్దిగా అటూ ఇటూ అయినా పిల్లిలో మొత్తం టీ4 సుమారు 0.8 నుంచి 4.7 లోపు ఉండాలి. హార్మోన్ అణువు మనిషిలోనూ పిల్లిలోనూ ఒకటే కనుక మనుషుల మెషీన్ మీద వచ్చిన అంకె పూర్తిగా పనికిరానిదేమీ కాదు. పనికిరానిది దాని పక్కన అచ్చయిన రేంజ్. అదే రిపోర్టులో టీఎస్‌హెచ్, అంటే థైరాయిడ్‌ని పనిచేయించే హార్మోన్, సున్నాకి దగ్గరగా ఉంది. దానికైతే బొత్తిగా అర్థం లేదు. మనిషి టీఎస్‌హెచ్ కోసం తయారైన పరీక్ష పిల్లి టీఎస్‌హెచ్‌ని గుర్తుపట్టదు, ఆరోగ్యంగా ఉన్న పిల్లికి చేసినా అలాగే వస్తుంది.

ఇంకో ప్రమాదం కొద్దిలో తప్పింది. టీచరుగారికి కూడా థైరాయిడ్ ఉంది. రోజూ పొద్దున్నే పరగడుపున థైరాక్సిన్ మాత్ర వేసుకుంటారు. "నా మాత్రలోనే చిన్న ముక్క పెడదామా అనుకున్నాను," అన్నారు. పెట్టలేదు, అదృష్టం. మనుషుల్లోనూ కుక్కల్లోనూ మామూలుగా చూసేది థైరాయిడ్ చాలకపోవడం. ముసలి పిల్లిలో దీనికి పూర్తిగా ఎదురు, గ్రంథి అతిగా పనిచేస్తుంది. 1979లో అమెరికాలో మొదటిసారి ఈ జబ్బును పిల్లుల్లో వర్ణించారు. పదేళ్ళు దాటిన పిల్లుల్లో ఇప్పుడిది మామూలుగా కనబడే హార్మోన్ జబ్బు. నూటికి తొంభై ఏడు పైగా కేసుల్లో గ్రంథిలో పెరిగేది క్యాన్సర్ కాని గడ్డే.

పరీక్షలో గుండె నిమిషానికి 232 సార్లు కొట్టుకుంటోంది, గుండె చప్పుడులో చిన్న మర్మర్, అంటే అదనపు శబ్దం, వినబడింది. డాప్లర్‌తో చూస్తే పై రక్తపోటు 165. మెడ మీద బొటనవేలూ చూపుడువేలూ పెట్టి కిందికి జార్చినప్పుడు ఎడమవైపు శనగగింజంత గడ్డ వేలి కింద జారింది. పొట్ట నొక్కి చూస్తే పేగులు కాస్త దళసరిగా తగిలాయి. అది కార్డులో రాసుకున్నాను. రాసుకుని వదిలేశాను.

రక్తం జంతువుల రేంజ్ ఇచ్చే ల్యాబుకి పంపాను. టీ4 9.6. కాలేయం ఎంజైమ్ ఏఎల్‌టీ 240, ఈ జబ్బులో పెరిగేదే. మూత్రపిండాల పని చెప్పే క్రియాటినిన్ 0.9. రక్తంలోని ప్రొటీన్ అల్బుమిన్ కొంచెం తక్కువ. మలంలో పురుగుల గుడ్లు లేవు. నాకు కథ పూర్తయినట్టే అనిపించింది. థైరాయిడ్ ఎక్కువైతే ఆకలి విపరీతం, ఆత్రంగా మింగి కక్కడం, పేగుల కదలిక వేగం పెరిగి తిన్నది సరిగ్గా అరగకుండానే బయటికి రావడం, అన్నీ దానితో సరిపోతాయి. సరిపోయాయి కదా అని ఇంకేమీ వెతకలేదు.

థైరాయిడ్ హార్మోన్ తయారీని తగ్గించే కార్బిమజోల్ 5 మిల్లీగ్రాముల మాత్ర మన మందుల షాపుల్లో దొరికేదే. సగం పొద్దున, సగం రాత్రి. గ్రంథిలో పెరిగిన గడ్డని రేడియేషన్‌తో చంపే రేడియోఅయోడిన్ వైద్యం మా ప్రాంతంలో పిల్లులకి అందుబాటులో లేదు. గుండె ఆ వేగంతో ఉన్నప్పుడు ఆపరేషన్‌కి మత్తివ్వడం నాకిష్టం లేదు. ఇదే రకం మందైన మెథిమజోల్‌ని చెవి లోపల రాసే పూతగా కొన్ని దేశాల్లో తయారుచేసి ఇస్తారు, పొట్టకి అది తేలిక. మా ఊళ్ళో తయారుచేసేవాళ్ళు లేరు.

ఈ ఇంట్లో ఇంకో చిక్కుంది. టీచరుగారి అమ్మాయి పురిటికి వచ్చి ఉంది, ఆరో నెల. ఈ మందు కడుపులో బిడ్డకి మంచిది కాదు. మాత్ర విరవడం, పెట్టడం అమ్మాయి చేయకూడదనీ, పిల్లి దొడ్డి జోలికి కూడా పోకూడదనీ గట్టిగా చెప్పాను. విరిచేటప్పుడు టీచరుగారు చేతికి గ్లౌజు వేసుకోవాలి, మాత్రను పొడి చేయకూడదు. అప్పటికే చుట్టుపక్కలవాళ్ళు గర్భిణి ఉన్న ఇంట్లో పిల్లేమిటి, వదిలేయండని చెవినిల్లు కట్టుకుని పోరుతున్నారు. పిల్లి దొడ్డి ద్వారా సోకి కడుపులో బిడ్డకి హాని చేసే టాక్సోప్లాస్మా క్రిమి భయం ఉత్తదని అనను. కానీ దానికి మందు పిల్లిని వీధిలో వదిలేయడం కాదు. దొడ్డి రోజూ వేరేవాళ్ళు తీసేయాలి, పిల్లికి పచ్చి మాంసం పెట్టకూడదు, చేతులు కడుక్కోవాలి. అంతే.

మూడు వారాలకి టీ4 3.1. గుండె 190. బరువు వంద గ్రాములు పెరిగింది. నాకు సంతోషంగానే ఉంది. పనిచేసే ఆమెకి లేదు. "దొడ్డి ఏటీ మారనేదు సారూ," అంది. వాంతులు వారానికి నాలుగు నుంచి రెండు మూడుకి వచ్చాయి. పైగా తిండి తగ్గింది. ఇంతకుముందు గిన్నె నాకేసేది ఇప్పుడు సగం వదిలేస్తోంది.

కార్బిమజోల్ మొదలుపెట్టిన తొలి వారాల్లో కొన్ని పిల్లులు వాంతి చేసుకుంటాయి, తిండి మానేస్తాయి. ముఖం గోక్కుని పుండు చేసుకునేవి, రక్తకణాలు పడిపోయేవి, కాలేయం దెబ్బతినేవి కొన్ని ఉంటాయి, వాటికి మందు పూర్తిగా ఆపేయాలి. బుల్లెమ్మ రక్తకణాలు బాగున్నాయి, ఏఎల్‌టీ 130కి దిగింది. కాబట్టి పొట్టకి పడట్లేదు అంతే అనుకుని మోతాదు తగ్గించి రోజుకి ఒకపూటే ఇవ్వమన్నాను. రెండు వారాలు గడిచాయి. వాంతులు అలాగే ఉన్నాయి. వాంతులాపే ఒన్డాన్‌సెట్రాన్ ఇస్తే ఇచ్చిన పూట ఆగేవి.

అప్పుడు చేసిన పని మొదటే చేయాల్సింది. వారం రోజులు కార్బిమజోల్ పూర్తిగా ఆపేశాను. వాంతి మాత్ర వల్ల వచ్చేదైతే ఆపిన కొన్ని రోజులకి ఆగిపోవాలి. ఆగలేదు. ఆ వారంలో మూడు వాంతులు, విరేచనం ఎప్పటిలాగే. టీ4 మాత్రం 6.8కి ఎగబాకింది. తప్పు మాత్రది కాదని అప్పుడు ఒప్పుకున్నాను. థైరాయిడ్ అదుపులో ఉన్నప్పుడూ, లేనప్పుడూ, మందు ఉన్నప్పుడూ, లేనప్పుడూ ఒకేలా ఉన్నది పేగు ఒక్కటే. నా కార్డులో మొదటిరోజే "దళసరి" అని రాసి ఉంది. నా చేతిరాతే.

అక్కడికి ఆరు వారాలు పోయాయి. 2.6 కిలోల పిల్లికి ఆరు వారాలంటే తక్కువ కాదు.

మర్నాడే మాత్ర మళ్ళీ రెండుపూటలా మొదలుపెట్టి విటమిన్ బీ12 పరీక్షకి రక్తం పంపాను. తొందరలో ఊళ్ళోని మనుషుల ల్యాబుకే పంపాను. మిల్లీలీటరుకి 214 పికోగ్రాములని వచ్చింది, వాళ్ళ రేంజ్ 200 నుంచి మొదలు, కాబట్టి మళ్ళీ నార్మల్! పిల్లికి 290 లోపుంటే తక్కువ కిందే లెక్క. ఈసారి టీచరుగారే ఫోన్ చేసి, "ఇది మనిషి నార్మలా, పిల్లి నార్మలా?" అని అడిగారు.

బీ12 పిల్లుల్లో ఎందుకంత ముఖ్యమంటే, దాన్ని పట్టుకుని పేగులోకి చేర్చే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ మనకి జీర్ణాశయంలో తయారవుతుంది, పిల్లికి క్లోమం నుంచి మాత్రమే వస్తుంది. ఒంట్లోకి పీల్చుకునేది చిన్న పేగు చివరి భాగం. ఈ రెండింటిలో ఏది చెడినా మట్టం పడిపోతుంది. పేగు జబ్బున్న పిల్లిలో నిల్వలు ఆరోగ్యంగా ఉన్న పిల్లిలోకంటే చాలా త్వరగా ఖర్చయిపోతాయి కూడా. బీ12 తగ్గితే ఆకలి పోతుంది, పేగు పొర బాగుపడదు, ఇంకేం మందిచ్చినా సగమే పనిచేస్తుంది. ఆకలి తగ్గిందని నేను కార్బిమజోల్‌ని నిందిస్తున్న రోజుల్లో దీని సంగతి ఆలోచించనే లేదు.

అల్ట్రాసౌండ్ కోసం 60 కిలోమీటర్ల దూరంలో విశాఖపట్నం పంపాను. కారులో దారంతా అరిచిందట. రిపోర్టు ఇదీ: చిన్న పేగు గోడ 3.4 మిల్లీమీటర్లు, పొరలు చెరగలేదు గానీ కండర పొర దళసరిగా ఉంది, దగ్గరి లింఫ్ గ్రంథులు కాస్త పెద్దవయ్యాయి. క్లోమం బాగుంది. మూత్రపిండాలు రెండూ కొద్దిగా చిన్నవి.

ముసలి పిల్లిలో ఈ బొమ్మకి అర్థాలు రెండు. దీర్ఘకాలపు పేగు వాపు, లేదా చిన్న కణాల లింఫోమా. నెమ్మదిగా పెరిగే క్యాన్సర్ అది. రెండూ తెరమీద ఒకేలా కనిపిస్తాయి. ముక్క తీసి చూస్తే తప్ప తేల్చలేం, కొన్నిసార్లు అప్పుడు కూడా కష్టమే. బయాప్సీ గురించి టీచరుగారితో గంటసేపు మాట్లాడాను. గుండె సంగతి, మత్తు సంగతి, ఖర్చు, ప్రయాణం అన్నీ చెప్పాను. స్టిరాయిడ్ మొదలుపెట్టాక బయాప్సీ చేస్తే జవాబు మసకబారుతుందని కూడా చెప్పాను. ఆవిడ వద్దన్నారు. "పేరు తెలిస్తే వైద్యం మారుతుందా?" అని అడిగారు. కొంత మారుతుంది. లింఫోమా అయితే స్టిరాయిడ్‌కి క్లోరాంబ్యూసిల్ అనే క్యాన్సర్ మందు తోడవుతుంది. మొదటి మెట్టు మాత్రం రెంటికీ ఒకటే. సరే, ఆ మెట్టు ఎక్కుదాం అన్నారు.

ముందు తిండి. బుల్లెమ్మ మెనూ వింటే నవ్వొస్తుంది. వాళ్ళది మాంసం వండని ఇల్లు. పిల్లి కోసం మాత్రం టీచరుగారు స్వయంగా మార్కెట్‌కి వెళ్ళి చేపలు కొంటారు, పెరట్లో వేరే పొయ్యి మీద ఉడికిస్తారు. చేప లేని రోజు కోడి. రెండుపూటలా పాలు, రాత్రి పెరుగన్నం, పక్కింటివాళ్ళు ఇచ్చే ఎండు నెత్తళ్ళు. ఎదిగిన పిల్లులు చాలావాటికి పాలలోని చక్కెర అరగదు. పాలు ఆ రోజే ఆపించాను. సముద్రపు చేపలో అయోడిన్ ఒకరోజు ఉన్నట్టు ఇంకోరోజు ఉండదు, టీ4 నిలకడగా ఉండాలంటే అదీ తగ్గాలి.

హైడ్రొలైజ్డ్ ప్రొటీన్ తిండి, అంటే ప్రొటీన్‌ని ఒంటికి గుర్తు తెలియనంత చిన్న ముక్కలుగా చేసింది, ఆన్‌లైన్‌లో తెప్పించాం. మూడు వేల పైచిలుకు పెట్టి తెప్పించిన సంచి వైపు బుల్లెమ్మ ఒకసారి చూసి, మూతి తిప్పుకుని వెళ్ళిపోయింది. ఆకలేస్తే అదే తింటుందిలే అనే మాట కుక్క దగ్గర చెల్లుతుంది. పిల్లి రెండు మూడు రోజులు పస్తుంటే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. రెండో రోజే పద్ధతి మార్చాను. పుట్టి బుద్ధెరిగాక తినని మాంసం ఏదని అడిగితే మేక అన్నారు. కొవ్వు లేని మేక మాంసం, ఉప్పూ కారం ఉల్లీ వెల్లుల్లీ ఏమీ లేకుండా ఉడికించి, ఆ నీళ్ళతో సహా పెట్టమన్నాను. పిల్లికి తప్పనిసరిగా కావలసిన టారిన్ అనే పోషకం ఉడికిన నీళ్ళలోకి దిగిపోతుంది కాబట్టి నీళ్ళు పారబోయకూడదు. ఒట్టి మాంసంతో ఎన్నాళ్ళో నడవదు, కాల్షియం చాలదు. మూడు వారాలకి మాత్రం ఫర్వాలేదు. తర్వాత ఆ మాంసంలోనే ఆన్‌లైన్ గింజలు ఐదు, పది, ఇరవై అని పెంచుకుంటూ పోయాం. సగం సగానికి రావడానికి ఇంకో నెల పట్టింది.

బీ12 సూది వారానికొకటి, 250 మైక్రోగ్రాములు చర్మం కింద, ఆరు వారాలు. తర్వాత నెలకొకటి. మూడో సూదికి గిన్నె మళ్ళీ ఖాళీ అవడం మొదలైంది. ఇది నేను ఊహించినదానికంటే తొందరగా జరిగింది.

టీచరుగారు ఈలోగా గోడమీది తెలుగు క్యాలెండర్‌ని రికార్డు పుస్తకం చేసేశారు. వాంతి అయిన రోజు ఎర్ర సిరాతో చుక్క. విరేచనానికి పదికి మార్కులు, నీళ్ళయితే సున్నా, మంచి గట్టిదైతే పది. ముప్పై ఏళ్ళు పేపర్లు దిద్దిన చెయ్యి, మార్కులు పిసినారిగానే వేస్తుంది. నేనెన్నో ముద్రించిన ఫారాలు ఇచ్చి చూశాను గానీ ఇంత పనికొచ్చింది ఏదీ లేదు. క్యాలెండర్ ఫొటో వాట్సాప్‌లో వచ్చేది. మేక మాంసం మొదలుపెట్టాక రెండు మూడు నుంచి ఐదుకి వచ్చాయి. వాంతులు వారానికొకటి. అక్కడ ఆగిపోయింది.

అప్పుడు ప్రెడ్నిసొలోన్ అనే స్టిరాయిడ్ రోజుకి 5 మిల్లీగ్రాములు. గుండె సంగతీ, చక్కెర సంగతీ చూసుకునే మొదలుపెట్టాను, ఎందుకంటే స్టిరాయిడ్ ఈ రెంటినీ కదపగలదు. పది రోజులకి క్యాలెండర్‌లో ఎనిమిది కనబడింది. పక్కనే బ్రాకెట్‌లో "మొదటిసారి" అని రాశారు. నెలకి 2.5కి తగ్గించాం, తర్వాత రోజు విడిచి రోజు. అంతకంటే తగ్గించిన రెండుసార్లూ మార్కులు నాలుగుకి పడ్డాయి, అందుకే అక్కడే ఉంచాం.

సంక్రాంతికి టీచరుగారికి మనవరాలు పుట్టింది. పాపకోసం కొన్న తూకం మెషీన్ మీదే శుక్రవారం శుక్రవారం బుల్లెమ్మనీ తూచేవారు. మధ్యలో గుడ్డ పరిచేవారట, అది నేనడక్కుండానే చెప్పారు. ఏప్రిల్‌కి 3.2 కిలోలు.

అదే ఏప్రిల్‌లో టీ4 1.9కి వచ్చింది, నాకు కావలసిన చోటు. క్రియాటినిన్ 0.9 నుంచి 2.1 అయింది. ఇది ఊహించినదే అయినా టీచరుగారికి పెద్ద టెన్షన్, మందు కిడ్నీ పాడుచేసిందని. నిజానికి థైరాయిడ్ ఎక్కువున్నప్పుడు మూత్రపిండాలకి రక్తం ఎక్కువగా పారుతుంది, కండ కరిగిపోయి క్రియాటినిన్ తయారవడమే తగ్గుతుంది. అందుకే జబ్బు కనబడదు. థైరాయిడ్‌ని దారికి తెస్తే దాక్కున్నది బయటపడుతుంది. అలాగని మందు తగ్గించి టీ4 పైకి పోనిస్తే అంకె అందంగా కనిపిస్తుంది గానీ లోపల గుండె, మూత్రపిండాలు రెండూ అరిగిపోతాయి. మరీ కిందికి దించినా మూత్రపిండాలకే చేటు. టీ4ని ఒకటిన్నర, రెండున్నర మధ్య పట్టుకుని ఉండటమే పని. రక్తపోటు 150కి దిగింది, దానికి విడిగా మందు అవసరం రాలేదు.

మూత్రపిండాల తిండికి మార్చాలా అన్న ప్రశ్న వచ్చింది. మార్చలేదు. ఈ పిల్లి చావుకి దగ్గరగా వెళ్ళింది పేగు వల్ల, కిడ్నీ వల్ల కాదు. పేగు ఒప్పుకున్న తిండిని చెడగొట్టి రెండో దశ కిడ్నీ జబ్బుకి తిండి మార్చడం నాకు నచ్చలేదు. ఈ నిర్ణయం తప్పనే డాక్టర్లు ఉంటారు. నీళ్ళు మాత్రం ఇంట్లో నాలుగుచోట్ల పెట్టించాను, తిండిలో కూడా కలుపుతున్నాం.

మాత్రలు పెట్టే పద్ధతి గురించి ఒక మాట, అడిగేవాళ్ళు ఎక్కువ కాబట్టి. మాంసం ఉండలు మూడు చేయాలి. మొదటిది ఉత్తది, రెండోదానిలో మాత్ర, మూడోది వెంటనే ముక్కు ముందు చూపించాలి. మూడోదాని ఆశకి రెండోది నమలకుండా మింగేస్తుంది. కనిపెట్టేసిన రోజు నోట్లో నేరుగా వేసి, వెంటనే సిరంజితో ఐదు మిల్లీలీటర్ల నీళ్ళు పట్టాలి. ఎండు మాత్ర గొంతులో ఇరుక్కుంటే అక్కడ పుండు పడుతుంది.

ఇప్పటికి 14 నెలలు. నాలుగు నెలలకోసారి టీ4, క్రియాటినిన్, రక్తకణాలు చూస్తున్నాం. పోయిన వారం బరువు 3.1, టీ4 2.2, క్రియాటినిన్ 2.3. పేగులో ఉన్నది వాపా, లింఫోమానా అనేది తేలలేదు. క్యాలెండర్ చూశాను. నెలకి రెండు మూడు ఎర్ర చుక్కలు, మార్కులు ఏడు, ఏడు, ఎనిమిది, ఏడు. మధ్యలో ఒక ఆదివారం మాత్రం రెండు. అదేమిటని అడిగితే టీచరుగారు మాట్లాడలేదు. వెనక నుంచి పనిచేసే ఆమె అందుకుంది: "ఎండు నెత్తళ్ళు సారూ. అమ్మగారే ఎట్టీసినారు."